గోడ మీద రేపు

రికార్డు గదిలో పదకొండేళ్ళుగా కుర్చీ అరగదీయడం తప్ప మరో పని చెయ్యలేదని పేరుపడ్డ మనిషి, ఆ మంగళవారం మధ్యాహ్నం అదే గదిలో రెండు అల్మారాల మధ్య వెల్లకిలా పడివుంటే, మొదట చూసిన గుమాస్తా కాలితో నేల మీద చప్పుడు చేశాడట. నిద్రపోతున్నాడనుకున్నాడు. తల కింద రక్తం కనిపించాకగానీ కేక వెయ్యలేదు. అప్పుడు టైము మూడూ నలభై అయిదు.

పోయినాయన అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. ఏ కాగితం అడిగినా "రేపు చూద్దాం" అనేవాడు కాబట్టి ఆ పోలీసు కార్యాలయంలో అందరికీ ఆయన రేపయ్య. చొక్కా గుండీలు ఒక కన్నం తప్పించి పెట్టుకునేవాడు. ఈల వేసుకుంటూ మెట్లు దిగేవాడు. పైవాళ్ళు తిడుతుంటే మధ్యలో ఆవలించేవాడు. ఆ ఆవలింతల వెనకాల ఎంత బుర్ర ఉందో తెలిసినవాళ్ళు ఆ భవనం మొత్తంలో ఇద్దరే. ఆ ఇద్దరిలో ఒకరు సాయంత్రం అయిదింటికి రికార్డు గది ఉన్న నేలమాళిగ మెట్లు దిగుతున్నారు.

ఆమె ఇన్‌స్పెక్టరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మూడు నెలలు ఆయన దగ్గరే పని నేర్చుకుంది. దేనికైనా ఉరుకులు పరుగులు పెడుతుందని ఆయన ఆమెకు తొందరమ్మ అని పేరు పెట్టాడు. ఆ పేరుతో పిలిచే మనిషి ఇక లేడు. ఉన్నన్నాళ్ళూ మాత్రం ఏం చేసింది గనక? ఈ పదకొండేళ్ళలో ఒక్కసారి ఈ మెట్లు దిగి, మాస్టారూ బాగున్నారా అని అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు దిగుతుంటే ఒక్కో మెట్టుకీ ఆమెకు సిగ్గేసింది.

కేసు ఆమెది కాదు. గది గుమ్మంలో నిలబడ్డ ఇంకో ఇన్‌స్పెక్టరుది. ఎండాకాలమైనా వానాకాలమైనా మడత నలగని చొక్కా వేసుకుంటాడని అతనికి ఇస్త్రీ అని పేరు. అదీ రేపయ్య పెట్టిందే. ఆ పేరు పుణ్యమా అని ఇస్త్రీకి రేపయ్యంటే గిట్టదు, రేపయ్య శిష్యురాలన్నా గిట్టదు. మూడేళ్ళుగా ఇద్దరికీ ప్రతి కేసులోనూ పేచీయే.

"ఆరింటికి నివేదిక పెద్దసారు బల్ల మీద ఉండాలి. ప్రమాదం. నిచ్చెన ఎక్కాడు, చెప్పు జారింది, అల్మారా అంచు తలకి తగిలింది. మీకు గురువుగారు కాబట్టి అయిదు నిమిషాలు ఇస్తాను. దణ్ణం పెట్టుకుని వెళ్ళండి" అన్నాడతను.

శవాన్ని అప్పటికే ఆసుపత్రికి పంపేశారు. నేల మీద ఆరిన మరక, దాని పక్కన ఒక్క చెప్పు. రెండోది కాలికే ఉండిపోయి ఆయనతో పాటు వెళ్ళిందట. ఆమె వంగి ఆ చెప్పు వైపు చూస్తుంటే ఇస్త్రీ మిగిలింది కూడా చెప్పాడు. నివేదికలో ఇంకో మాట కూడా రాయబోతున్నాడు. పదకొండేళ్ళ కిందటి గోదాము కేసు ఫైలు దాని చోట లేదు. అక్కడ రేపయ్య సంతకంతో చీటీ ఉంది. అప్పుడు సాక్ష్యం పోగొట్టినట్టే ఇప్పుడు ఫైలూ పోగొట్టాడన్నమాట. ఆ ఫైలు లేకపోతే గోదాము కేసు ఇక ఎప్పటికీ తెరవడానికి ఉండదు.

గోదాము మాట వినగానే ఆమె చెప్పు మీంచి చూపు తిప్పుకుంది.

ఆ గోదాము తగలబడి ఇద్దరు కూలీలు పోయారు. కిరసనాయిలు వాసన వేసే గుడ్డ ముక్క ఒకటి గోడ పక్కన దొరికింది. దొరికింది ఆమెకే. పొట్లం కట్టి, సాయంత్రం పై అంతస్తులో సాక్ష్యాల కౌంటర్లో ఇచ్చి, ఇంటికెళ్ళే తొందరలో రసీదు తీసుకోకుండా వచ్చేసింది. మర్నాడు రేపయ్య అడిగాడు, రసీదు తీసుకున్నావా అని. భయమేసి, తీసుకున్నానని అబద్ధమాడింది. వారానికి పొట్లం మాయమైంది. రసీదు లేనిదే అది కౌంటరుకి చేరిందన్న రుజువు లేదు, ఆమె ఉద్యోగం ఊడటమే. విచారణలో రేపయ్య ఆవలిస్తూ లేచి, "ఆ పొట్లమా, రసీదుతో సహా నేనే తీసుకున్నానండి. ఎక్కడ పెట్టానో గుర్తులేదు" అన్నాడు. గోదాము యజమాని బయటపడ్డాడు. రేపయ్య ఈ నేలమాళిగకి వచ్చిపడ్డాడు. ఆమె నోరు తెరవలేదు. ఆ తరవాత ఆయన మొహం చూడలేక తప్పించుకు తిరిగింది. తప్పించుకోడానికి ఒక సాకు కావాలి కదా, నిర్లక్ష్యపు మనిషని నలుగురితో పాటు తనూ అంది. అనగా అనగా సగం నమ్మింది కూడా.

ఇప్పుడు ఆరింటికల్లా అదే మాట ఆయన చావు మీద కూడా రాసేస్తారు.

"ఆయన చెప్పులు విడవకుండా నిచ్చెన ఎక్కగా మీరెప్పుడైనా చూశారా?" అని అడిగింది.

చూడలేదని ఇస్త్రీ ఒప్పుకోవలసి వచ్చింది. ఉత్త కాళ్ళయితే పట్టు దొరుకుతుందని రేపయ్య ఎప్పుడూ కింద విడిచే ఎక్కేవాడు. ఆమె గోదాము ఫైలు ఉండవలసిన అర దగ్గర నిలబడింది. అర సరిగ్గా ఆమె గుండెల ఎత్తున ఉంది. దీనికి నిచ్చెన దేనికని అడిగితే, వేరే ఫైలుకి ఎక్కాడేమోనన్నాడు ఇస్త్రీ. ఈసారి గొంతులో అంత బిగువు లేదు.

కిటికీ పక్కన రేపయ్య బల్ల. దాని మీద మూడు గిన్నెల క్యారియరు. వాళ్ళక్కగారు రోజూ పంపేది. భార్య పోయాక ఆ అక్కే ఆయనకు అమ్మా నాన్నా. ఆమె కొక్కెం తీసి చూసింది. అన్నం కదిలించలేదు, పైన చెంచా అడ్డంగా పెట్టింది పెట్టినట్టే ఉంది.

"లోకంలో అన్నీ రేపటికి వాయిదా వేసేవాడు, ఒక్క అన్నం తప్ప. రెండు కొట్టగానే మూత తీసేవాడు. ఈ గదిలో గడియారం ఆగిపోయినా ఆ మూత చప్పుడు విని టైము సరిచేసుకోవచ్చనేవాళ్ళు. ఇది తియ్యలేదంటే రెండయ్యేసరికి ఆయన లేడు" అంది. ఈ క్యారియరు ఖాళీ చెయ్యకుండా అక్కగారికి ఎలా తిరిగివ్వాలో ఆమెకు తోచలేదు.

ఇస్త్రీ చేతి గడియారం చూసుకుని, ఆసుపత్రికి ఫోను చేసొస్తానని వరండాలోకి వెళ్ళాడు. ఆమె గుమాస్తాను పిలిచింది.

గుమాస్తా రేపయ్యతో పాటు ఆ గదిలో నకళ్ళు రాసే మనిషి. యాభై దాటినవాడు, మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ మోకాళ్ళ వైపు చూస్తాడు. ఒంటిగంటన్నరకి భోజనానికి వెళ్ళానని, రెండున్నరకి వచ్చానని, రేపయ్య కుర్చీ ఖాళీగా ఉంటే అల్మారాల వెనకాల కునుకు తీస్తున్నాడనుకుని పనిలో పడ్డానని చెప్పాడు. రోజూ క్యాంటీనులో రెండు దాటాకే కదా కనిపిస్తావు, అరగంటలో లేస్తావు కదా, ఈ రోజు గంట ఎందుకు పట్టిందని ఆమె అడిగింది. గుమాస్తా చెమట తుడుచుకున్నాడు. రేపయ్యే ముందుగా పంపించాడట. పాత చుట్టం ఒకాయన వస్తున్నాడు, ఇద్దరం కలిసి ఉద్యోగంలో చేరినవాళ్ళం, ఒక మాట చెప్పి చూస్తాను, నువ్వుంటే మొహమాటపడతాడు, నింపాదిగా రా అన్నాడట.

చుట్టం పేరు చెప్పలేదు. ఆమె ఆ మాటను మనసులో ఒక పక్కన పెట్టుకుంది. ఎందుకంటే గుమాస్తా ఇంకా ఏదో దాస్తున్నాడు. మాటిమాటికీ చొక్కా జేబు మీద చెయ్యి వేసుకుంటున్నాడు. జేబులోంచి తపాలా బిళ్ళల కాగితం అంచు కనిపిస్తోంది. ఆఫీసు ఉత్తరాలకు బిళ్ళలు అక్కర్లేదు, ముద్ర పడుతుంది.

"బిళ్ళలెవరివి?"

గుమాస్తా బిళ్ళల కాగితాన్ని జేబు లోపలికి తోశాడు.

"మనిషి పోయాడు. ఇప్పుడు దాచి ఎవరికి మేలు చేస్తావు?"

"ఆయన చెప్పొద్దన్నారండి" అన్నాడు గుమాస్తా, ఆమె మోకాళ్ళతో చెబుతున్నట్టు. "కవర్లు ఇచ్చేవారు. పోస్టులో వేసేవాణ్ణి. అంతేనండి. ఈ రోజూ ఒకటి వేశాను. ఒంటిగంటా నలభైకి, మూలమీది పెట్టెలో."

"ఎన్నాళ్ళనించి?"

"ఆయన ఇక్కడికొచ్చిన కాణ్ణించీనండి."

"ఎవరికి?"

గుమాస్తా మొదటిసారి తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. "మీకేనండి."

ఆమె రేపయ్య కుర్చీలో కూర్చుండిపోయింది.

పదకొండేళ్ళుగా ఆమెకు ఆకాశరామన్న ఉత్తరాలు వస్తున్నాయి. ఎడమచేత్తో రాసినట్టు వంకరటింకర అక్షరాలు, ఒకటి రెండు ముక్కలు, సంతకం లేదు. 'బావిలో కాదు, బావి మూత కింది వైపు చూడు.' 'ఆ డ్రైవరు రెండు గడియారాలు పెట్టుకుంటాడు, ఎందుకో అడుగు.' చూసింది, అడిగింది, ప్రతిసారీ కేసు తేలింది. పతకాలొచ్చాయి, పై హోదా వచ్చింది. ఎవడో పాత దొంగ తనంటే అభిమానం కొద్దీ రాస్తున్నాడనుకుంది. ఎవరితోనూ చెప్పలేదు, తెలివంతా తనదేనని నలుగురూ అనుకుంటుంటే బాగానే ఉండింది. మాస్టారు ఈ మురికి కిటికీ పక్కన కూర్చుని, ఆవలిస్తూ, కేసు కాగితాలన్నీ చదివి తనకోసం ఎడమచేత్తో రాసేవాడన్నమాట.

"ఒకసారి అడిగానండి" అన్నాడు గుమాస్తా, "నేరుగా చెప్పొచ్చుగా అని. ఆ పిల్ల నా పేరు చూస్తే చదవలేదు, బాధపడుతుంది, ఆకాశరామన్నయితే చదువుతుంది అన్నారండి."

గుమాస్తా ముందు ఏడవకూడదనుకుంది. కానీ ఏడ్చింది. చాలాసేపు ఏడ్చేంత వ్యవధి లేదు కాబట్టి కళ్ళు తుడుచుకుని, ఈ రోజు వేసిన కవరు ఎలా ఉందని అడిగింది. లావుగా ఉందండి, లోపల కాగితం కాదు, మెత్తగా గుడ్డలా తగిలింది, అదోరకం వాసన అన్నాడతను.

ఆమెకు ఆ మూడు నెలల్లో మాస్టారు నేర్పిన మాట ఒకటి గుర్తొచ్చింది. సాక్ష్యాన్ని మాయం చేసే పోలీసువాడు దాన్ని పారెయ్యడు, వేరే చోట పెడతాడు, ఎప్పుడైనా తనకి పనికొస్తుందని. విచారణ అయ్యాక ఆయన్ని ఎక్కడికైనా పొమ్మంటే రికార్డు గదే కావాలని ఆయన అడిగి మరీ వచ్చాడని అప్పట్లో అందరూ నవ్వారు. నిద్రకి అనువైన చోటు చూసుకున్నాడన్నారు. అరవై అల్మారాలు, పదకొండేళ్ళు. ఒక్కో కట్టా విప్పి వెతికాడు. దొరికింది. ఆమె పోగొట్టింది ఆయన వెతికిపెట్టాడు.

ఇస్త్రీ తిరిగొచ్చాడు. ఆసుపత్రి డాక్టరు కూడా ప్రాణం రెండు లోపే పోయి ఉండాలన్నాడట. అది చెప్పడం అతనికి ఇష్టంలేదని తెలుస్తూనే ఉంది, అయినా చెప్పాడు. అయినా చీటీ ఉందిగా అన్నాడు. ఫైలు తీసిన చోట పెట్టే చీటీ, ఆయన సంతకం.

ఆమె చీటీ అందుకుంది. ఫైలు పేరు, కింద రేపయ్య సంతకం. సంతకమంటే ఒక వంకర గీత, ఎవడైనా గీయగలడు. దాని పక్కన తేదీ, పదిహేను.

"ఈ రోజు ఎంత?" అందామె.

"పద్నాలుగు. తేదీ కూడా తెలియని మనిషి, అంతే" అన్నాడు ఇస్త్రీ గోడ వైపు చూపిస్తూ.

గోడ మీద రోజుకో కాగితం చించే క్యాలెండరు. దాని మీద పదిహేను కనిపిస్తోంది. ఈ గదికి వచ్చాక రేపయ్యకు పట్టిన పిచ్చి అది. పొద్దున రాగానే ఆ రోజు కాగితం చించేసేవాడు. ఈ రోజు ఎలాగూ మన చేతికొచ్చేసింది, ఇక గోడ మీద దేనికి, అక్కడ రేపు ఉండనీ అనేవాడు. ఈ గదికి వచ్చిపోయేవాళ్ళందరికీ అది తెలుసు. క్యాంటీనులో ఎవరో చెబితే ఆమె కూడా ఒకసారి పగలబడి నవ్వింది.

అల్మారా చివర పాత చీటీల కట్టలున్నాయి. ఒకటి విప్పి గబగబా తిప్పింది, ఇంకొకటి ఇస్త్రీ చేతిలో పెట్టింది. అతను ఒక్కొక్క చీటీ పక్కనున్న నమోదు పుస్తకంతో సరిచూశాడు. అలాంటి పని అతనికి బాగా వచ్చు. ఎక్కడా తేదీ ఒక్కరోజు కూడా తప్పలేదు.

"తన చేత్తో చించే మనిషి తన క్యాలెండరు చూసి మోసపోడు. గుమాస్తా మోసపోడు. మీరూ మోసపోరు, ఆయన్ని వెక్కిరించేది మీరే కదా. ఈ గదికి ఎప్పుడూ రానివాడు, తేదీ వెయ్యబోతూ గోడకేసి చూసినవాడు మోసపోతాడు" అందామె.

"ఇది మీ కేసు కాదు. ఇవన్నీ కట్టుకథలు. నాకు ఉత్తర్వు ఉంది" అంటూ ఇస్త్రీ జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఆమె ముందు చాపాడు. ఈ చావు విచారణ అతనికే అప్పగిస్తూ, మరెవరూ జోక్యం చేసుకోరాదంటూ, పెద్దసారు స్వయంగా రాసిచ్చింది. నాలుగుంపావుకి అందిందని కింద ఇస్త్రీ రాసుకున్నాడు. తేదీ పద్నాలుగు.

ఆమె ఆ పైన చూసింది. వేలు పెట్టి చూపించింది.

పెద్దసారు సంతకం కింద ఆయన చేతిరాతలో తేదీ పదిహేను.

ఆమె చీటీని ఉత్తర్వు పక్కన పెట్టింది. పెద్దసారు ఈ మెట్లు దిగి పదకొండేళ్ళని ఆఫీసులో అందరికీ తెలుసు. ఒక గుమాస్తా గదిలో క్యాలెండరు గురించి ఆయనకి ఎవరు చెబుతారు? గోడ మీద చూసిన తేదీ బుర్రలో ఉండిపోయింది, రెండు గంటల తరవాత అదే మళ్ళీ చేతికొచ్చింది. రేపయ్యా ఆయనా ఒకే రోజు ఉద్యోగంలో చేరారు. గోదాము కేసు నాటికి సాక్ష్యాల కౌంటరు ఆయన కిందే ఉండేది.

పాత చుట్టం. ఒక మాట చెప్పి చూస్తానన్నాడు. పట్టించే ముందు స్నేహితుడికి ఒక అవకాశం ఇచ్చాడు మాస్టారు. ఇచ్చే ముందు గుడ్డ ముక్కను పోస్టులో వేయించి, గుమాస్తాను అడ్డు తప్పించి, తను ఒక్కడే కూర్చున్నాడు.

ఇస్త్రీ ఉత్తర్వును పాత మడతల మీదే మళ్ళీ మడిచాడు. చాలాసేపు మడిచాడు.

"ఒంటిగంటా నలభై నుంచి రెండూ పది దాకా సంతకాలకని నేను పెద్దసారు గది బయట నిలబడ్డాను" అన్నాడు నెమ్మదిగా. "లోపల ఆయన లేరు. వచ్చాక చేతులు కడుక్కుని సంతకాలు పెట్టారు. ఎక్కడికెళ్ళారని మనం అడగం కదా."

ఇది చెప్పకపోయినా అతన్ని ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు. ఆమెకు మొదటిసారి ఆ మనిషి మీద గౌరవం కలిగింది.

అంతలో మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఇస్త్రీ ఉత్తర్వును చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.

పెద్దసారు మెత్తగా మాట్లాడే మనిషి. లోపలికొచ్చి మరక దగ్గర ఆగి, నాతో పాటు చేరినవాడు, ఇలా పోతాడనుకోలేదు అన్నాడు. ఆ బాధలో కొంత నిజం కూడా ఉన్నట్టే అనిపించింది ఆమెకు, అందుకే ఇంకా భయమేసింది. నివేదిక ఏదని ఆయన ఇస్త్రీని అడిగాడు. ఇంకా పూర్తి కాలేదు సార్ అన్నాడు ఇస్త్రీ. ఇన్నేళ్ళ సర్వీసులో అతని నోట ఆ మాట రావడం అదే మొదలు.

పెద్దసారు చూపు గుమాస్తా మీదికి మళ్ళింది. మధ్యాహ్నం నువ్వు మూలమీది పోస్టుపెట్టె దగ్గర కనిపించావట కదా అన్నాడు, కుశలం అడిగినట్టు. గుమాస్తా చెయ్యి జేబు మీదికి పోయింది. పెద్దసారు ఆ చెయ్యి చూశాడు. ఆ తరవాత ఆమెను చూశాడు, ఏడ్చిన కళ్ళను కాసేపు చూశాడు.

"ఆ ముసలాయన నీకేమైనా పంపాడామ్మా?"

ఇంకో రోజయితే నోటికొచ్చింది అనేసేది, మీద పడి కాలరు పట్టుకునేది. గుడ్డ ముక్క ఇంకా దారిలో ఉంది, ఎవరి చేతిలోనూ లేదు. ఒక రాత్రి గడవాలి. ఎదురుగా గోడ మీద పదిహేను కనిపిస్తోంది. ఆమె కుర్చీలో వెనక్కి వాలి, కాళ్ళు చాపి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆవలించింది.

"నాకా సార్? ఆయనతో మాటలు లేక పదకొండేళ్ళయింది."

"మీ వీధికి పోస్టు ఎన్నింటికి వస్తుంది?"

మాస్టారి గొంతు ఎలా ఉండేదో ఆమెకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"ఎప్పుడు పట్టించుకున్నాను సార్" అంది తొందరమ్మ. "రేపు చూద్దాం."